యాంటీవైరస్ కొన్నారు సరే, దాన్ని చూసుకునేదెవరు?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం చిన్న ఆఫీసులకి ఇచ్చే సెక్యూరిటీ సలహాలు చాలామటుకు పనికిరానివి. కొన్నయితే పనికిరాకపోవడమే కాదు, హాని కూడా. ఘాటుగా ఉందా? ఉండనివ్వండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మనలో ఎవరు పండక్కి హనుమకొండ వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు. "తమ్మీ, నువ్వు సాఫ్ట్‌వేరే గద, మా ఆఫీసుకు మంచి యాంటీవైరస్ ఒకటి చెప్పరాదు?" అడిగేది నక్కలగుట్టలో ట్యాక్స్ ప్రాక్టీసు చేసుకునే అన్న కావచ్చు, చౌరస్తా దగ్గర డయాగ్నొస్టిక్ సెంటర్ నడిపే బావ కావచ్చు, బాలసముద్రంలో ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే పెద్దమనిషి కావచ్చు. మనమిచ్చే జవాబులు మూడే రకాలు. మొదటిది, నెట్‌లో "టాప్ టెన్" చూసి మొదటి పేరు చెప్పెయ్యడం. రెండోది, మన కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏముంటే దాని పేరు చెప్పెయ్యడం. మూడోది మరీ ఘోరం... "కొనడమెందుకన్నా, నా దగ్గర క్రాక్ ఉంది, వేసిపోతా" అనడం. తాళం దొంగ దగ్గర కొనుక్కోవడమన్నమాట :)

మూడు జవాబుల్లోనూ ఉన్న లోపం ఒక్కటే. మనం "ఏది మంచిది?" అన్న ప్రశ్నకి జవాబు చెప్తున్నాం. "రేపట్నించి దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని ఒక్కరమూ అడగట్లేదు.

అసలు ఆ ఆఫీసెలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆరేడు కంప్యూటర్లు. అందులో రెండు కొత్తవి, మిగతావి ఎప్పుడో అసెంబుల్ చేయించినవి. టాలీ ఒక దాంట్లో ఉంటుంది, మిగతావాళ్ళు నెట్‌వర్క్‌లో దాన్నే వాడతారు. అందరికీ ఒకే పాస్‌వర్డ్, లేదా అసలు పాస్‌వర్డే ఉండదు. జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్ పోర్టళ్ళలో క్లయింట్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డులు అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో, డెస్క్‌టాప్ మీదే. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ పొద్దున పెడితే రాత్రి దాకా యూఎస్‌బీలోనే. ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే, ఫోన్ చేస్తే వచ్చే ఒక కుర్రాడు. విజిట్‌కి మూడొందలో అయిదొందలో తీసుకుని, ఎనీడెస్క్ పెట్టి, తనకి గుర్తుండాలని అందరు కస్టమర్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళిపోతాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టట్లేదు. రోజుకి పది ఆఫీసులు తిరిగేవాడు అంతకంటే ఏం చేస్తాడు?

మన ఆఫీసుల సంగతి వేరు. మన ల్యాప్‌టాప్‌లో అలర్ట్ వస్తే చూడ్డానికి ఎక్కడో ఒక టీం రాత్రింబవళ్ళు షిఫ్టుల్లో కూర్చుని ఉంటుంది. ప్యాచ్‌లు వాటంతటవే వస్తాయి, వద్దన్నా రీస్టార్ట్ అవుతుంది. మనకి అడ్మిన్ హక్కులుండవు, దానికి మనం రోజూ తిట్టుకుంటాం. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఆ ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కడ పనిచేస్తోంది. ఇవేవీ లేని చోటికి ఆ పేరొక్కటీ తీసుకెళ్ళడమంటే, డ్రైవర్ లేని ఇంటికి బస్సు బహుమతిగా ఇవ్వడమే.

పోయినేడాది ఊళ్ళో తెలిసినవాళ్ళ ఆఫీసొకటి చూశాను. ఏడు కంప్యూటర్లు, మూడు కంపెనీల యాంటీవైరస్‌లు. నాలుగింట్లో లైసెన్స్ అయిపోయింది, కింద మూలన ఎర్ర గుర్తు మెరుస్తోంది. ఎన్నాళ్ళనుంచి అనడిగితే, "అది ఎప్పటికీ అట్లనే ఉంటది సార్" అంది అక్కడి అకౌంటెంట్ అమ్మాయి. ఆ అమ్మాయి దృష్టిలో అది గోడ మీద క్యాలెండర్ లాంటిది. మిగతా మూడూ పనిచేస్తున్నాయి కదా అని సంతోషపడి లోపలికెళ్ళి చూస్తే, స్కాన్ చెయ్యకూడని వాటి జాబితాలో మొత్తం సీ డ్రైవ్ ఉంది! టాలీ స్లో అవుతోందని ఎవరో పెట్టారట. ఎవరో ఎవరికీ తెలీదు. డబ్బులు కట్టారు, బిల్లు ఉంది, డబ్బా కూడా అల్మారాలో జాగ్రత్తగా ఉంది. రక్షణ మాత్రం లేదు.

ఇది ఆ ఒక్క ఆఫీసు కథ కాదని మీకూ తెలుసు. కొనే సాఫ్ట్‌వేర్‌కి ఏటేటా రెన్యువల్ కావాలి, పాపప్‌లకి జవాబు చెప్పేవాడు కావాలి, టాలీనో ప్రింటర్నో అడ్డుకుంటే సరిచేసేవాడు కావాలి. ఆ మనిషి లేకపోతే ఏణ్ణర్థం తిరక్కుండానే అది అలంకారమైపోతుంది. పైగా "మాకు యాంటీవైరస్ ఉంది" అన్న ధీమా ఒకటి మిగులుతుంది. ఏమీ లేదని తెలిసినవాడు కనీసం భయపడతాడు. ఇక్కడ అదీ లేదు.

సరే, దాడులు నిజంగా ఎటునుంచి వస్తున్నాయో చూద్దాం. ఎక్కడో అమెరికా ఉదాహరణలెందుకు, మన దగ్గరివే చాలు.

2017 మే 12 న వాన్నాక్రై బయటపడింది. ఒకట్రెండు రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని వార్తలొచ్చాయి. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది ఎప్పుడు? అదే ఏడాది మార్చి 14 న. అంటే దాదాపు రెండు నెలల ముందే! అప్‌డేట్ అయిన మెషీన్లో ఆ కన్నమే లేదు. ఏ కంపెనీ యాంటీవైరస్ ఉందన్నది తర్వాతి మాట.

2019 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ పడింది. జనం ఆన్‌లైన్లో బిల్లులు కట్టలేకపోయారు. అందులో మన ఎన్పీడీసీఎల్ కూడా ఉంది. దాని హెడ్డాఫీసు ఎక్కడనుకున్నారు? హనుమకొండలోనే, నక్కలగుట్ట విద్యుత్ భవన్‌లో. ఐటీ విభాగాలున్న సంస్థలకే అది తప్పలేదు. ఆ వీధిలోనే ఆరు కంప్యూటర్లు పెట్టుకున్నాయన "మా మీద ఎవడు పడతాడు తమ్మీ" అంటే ఏం చెప్తాం? ఈ దాడులు చేసేవాడు నీ పేరు చూసి రాడు. తెరిచున్న తలుపు కోసం ఇంటర్నెట్ మొత్తం జల్లెడ పట్టే ప్రోగ్రాం ఒకటి నడుపుతాడు. ఆ ప్రోగ్రాంకి నక్కలగుట్టయినా న్యూయార్కయినా ఒకటే.

2022 జనవరిలో హైదరాబాదులో మహేశ్ బ్యాంక్ నుంచి 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకి పంపిన ఫిషింగ్ మెయిళ్ళ ద్వారా లోపలికి చొరబడ్డారని పోలీసులు తేల్చారు. సైబర్ భద్రత విషయంలో ఆ బ్యాంకుకి రిజర్వ్ బ్యాంకు 2023 లో 65 లక్షల జరిమానా కూడా వేసింది. అక్కడా కథ మొదలైంది మెయిల్లో ఒక క్లిక్కుతోనే.

ఇక మన చిన్న ఆఫీసులకే ప్రత్యేకమైన తలుపు ఇంకొకటుంది. 2020 లాక్‌డౌన్లో చాలామంది ఇంటినుంచి టాలీ వాడుకోవాలని ఆఫీసు కంప్యూటర్లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయించుకున్నారు. అంటే రౌటర్లో 3389 పోర్టు బార్లా తెరిచి, "అడ్మిన్" అన్న యూజర్‌నేమ్‌కి ఆఫీసు పేరు పక్కన 123 అని పాస్‌వర్డ్ పెట్టడం. లాక్‌డౌన్ పోయింది, పోర్టు మాత్రం కొన్ని చోట్ల అలాగే ఉండిపోయింది. అక్కణ్ణించి అడ్మిన్‌గా లోపలికొచ్చినవాడు మొట్టమొదట చేసే పనేమిటో తెలుసా? యాంటీవైరస్‌ని ఆపెయ్యడం. మీరు అయిదు నక్షత్రాల రేటింగ్ చూసి కొన్న డబ్బా అక్కడ చేసేదేమీ లేదు.

ప్యాచ్ వెయ్యకపోవడం, చేతకాని పాస్‌వర్డ్, అందరికీ అడ్మిన్ హక్కులు, తెరిచిన పోర్టు, ఫిషింగ్ మెయిల్. ఇవీ అసలు దారులు. వీటిలో ఒక్కదానికీ పూర్తి మందు యాంటీవైరస్ డబ్బాలో లేదు.

ఇంకో సంగతి కూడా మనవాళ్ళు మర్చిపోతుంటారు. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కూడా సాఫ్ట్‌వేరే. 2010 ఏప్రిల్లో మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలో ఉండే ముఖ్యమైన సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టుకుంది. కంప్యూటర్లు వాటంతటవే రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జులై 19 సంగతి మీలో చాలామందికి చేదు జ్ఞాపకమే. క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లని నీలం తెర మీద నిలబెట్టింది. శంషాబాద్‌లో ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. మనలో చాలామంది సేఫ్ మోడ్‌లోకెళ్ళి ఒక్కో మెషీన్లో ఆ ఫైలు తీసేసుకుంటూ శనాదివారాలు గడిపాం. మనమున్నాం కాబట్టి తీశాం. అదే నక్కలగుట్టలో ఆరు కంప్యూటర్లకి జరిగితే సేఫ్ మోడ్ అంటే ఏమిటో చెప్పేవాడెవడు?

ఉచితంగా ఇస్తారు కదా అని అవాస్ట్ పెట్టే అలవాటు మనవాళ్ళకి చాలా ఏళ్ళున్నది. వాడేవాళ్ళు ఏయే సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని దాని అనుబంధ కంపెనీ అమ్ముకుంటోందని 2020 జనవరిలో బయటపడింది. ఆ కంపెనీని మూసేశారు. ఇదే విషయంలో అమెరికా ట్రేడ్ కమిషన్ 2024 లో కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టమంది. కాపలాకి పెట్టినవాడే ఇంటికొచ్చిపోయేవాళ్ళ లెక్క రాసి అమ్ముకున్నాడన్నమాట.

మరేం చెయ్యమంటావయ్యా అంటారా? నా మటుకు నేను చెప్పేది ఇదీ. పది పదిహేను లోపు కంప్యూటర్లుండి, వాటిని చూసుకోడానికి ప్రత్యేకంగా మనిషి లేని ఆఫీసుకి విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ చాలు. "చాలు" అంటే సరిపెట్టుకోమని కాదు, ఆ పరిస్థితికి అదే మెరుగు అని. దానికి రెన్యువల్ లేదు. ఎర్ర గుర్తు పెట్టి డబ్బులడగదు. విండోస్ అప్‌డేట్‌తో పాటే అదీ అప్‌డేట్ అవుతుంది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ అంటే నవ్వేవాళ్ళం, నిజమే. 2012 చివర్లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌కి జర్మనీ వాళ్ళ ఏవీ-టెస్ట్ సర్టిఫికెట్ కూడా దక్కలేదు. కానీ ఇప్పుడదే ల్యాబ్ పరీక్షల్లో డిఫెండర్ డబ్బులిచ్చి కొనేవాటి సరసనే నిలబడుతోంది. పన్నెండేళ్ళు దాటిన అభిప్రాయాన్ని పట్టుకుని ఇంకా సలహాలివ్వడం మన వృత్తిలోవాళ్ళు చెయ్యాల్సిన పని కాదు.

అయితే డిఫెండర్ ఉందిలే అని ఊరుకుంటే అది కూడా అలంకారమే. ఒక్కసారి కూర్చుని, ఒక పూట పని చెయ్యాలి. మళ్ళీ ముట్టుకోనక్కర్లేని విధంగా చెయ్యాలి.

1. విండోస్ అసలుదై ఉండాలి. యాక్టివేటర్ వేసిన విండోస్ మీద ఏ సెక్యూరిటీ పెట్టినా దండగ. "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యండి" అని రాసుండే ప్రోగ్రాంని నమ్మి మొదలుపెట్టిన కంప్యూటరది. యాంటీవైరస్ కోసం తీసిపెట్టిన డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

2. విండోస్ 10 కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14 తో అయిపోయింది. 11 పడుతుందంటే మార్చండి. పడదంటే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకుని ఈలోపు కొత్త మెషీన్‌కి డబ్బు కూడబెట్టమనండి. ముందు టాలీ ఉన్న దాన్ని మార్చండి.

3. రోజూ పనిచేసే లాగిన్లకి అడ్మిన్ హక్కులు తీసెయ్యండి. అడ్మిన్ అకౌంట్ వేరే పెట్టి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఓనర్ బీరువాలో పెట్టించండి. అవును, కాగితం మీదే. రష్యాలో కూర్చున్న హ్యాకర్ హనుమకొండ బీరువా తియ్యలేడు. జీఎస్టీ సంతకాలకి వాడే ఎమ్‌సైనర్ లాంటివి అడ్మిన్ హక్కులడిగి విసిగిస్తాయి. సంతకాల కోసం ఒక్క కంప్యూటర్ కేటాయించండి, పనయ్యాక డాంగిల్ తీసి సొరుగులో వెయ్యమని చెప్పండి.

4. రౌటర్లో పోర్టులన్నీ మూసెయ్యండి. ఇంటినుంచి పని తప్పదంటే వేరే మంచి దారులున్నాయి, 3389 తెరవడం మాత్రం దారి కాదు. ఎనీడెస్క్ పాస్‌వర్డ్ తీసేసి, అవసరమైనప్పుడు ఎదురుగా మనిషి ఒప్పుకుంటేనే కలిసేట్టు పెట్టండి. రౌటర్, సీసీ కెమెరాల డబ్బా పాస్‌వర్డులు మార్చండి.

5. డిఫెండర్‌లో ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. టాలీ డేటా ఉన్న మెషీన్లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి, ఆ డేటా ఫోల్డర్‌ని దాంట్లో చేర్చి, టాలీకి అనుమతివ్వండి. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. మొదటి వారం ఒకట్రెండు ప్రోగ్రాములు అలుగుతాయి, ఆ వారం ఫోన్లో అందుబాటులో ఉండండి.

6. బ్యాకప్. ఇదొక్కటి చేసి మిగతా ఆరూ మానేసినా, పోయిన డేటా తిరిగొస్తుంది. ఇది మానేసి మిగతా ఆరూ చేస్తే, ఆఖరికి దేవుడే దిక్కు. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు కొనిపించండి. ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకోటి. కాపీ అయిన వెంటనే ఊడదీసెయ్యాలి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్కు బ్యాకప్ కాదు, ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా కలిపే తాళం వేస్తుంది. ఒక డిస్కు ఓనర్ ఇంట్లో ఉండాలి. మూడు నెలలకోసారి ఏదో ఒక కంపెనీ డేటా వెనక్కి తీసి టాలీలో తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు.

7. ఆఫీసు మెయిల్‌కి రెండంచెల లాగిన్ పెట్టించండి. డబ్బు పోతే వెంటనే 1930 కి ఫోన్ చెయ్యాలని ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి.

దీనికి మనవాళ్ళు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. "ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది?" అంటారు. ఊరికే రాలేదు బాబూ, విండోస్ డబ్బుల్లోనే వచ్చింది. "సెంట్రల్ కన్సోల్ లేదు కదా?" అంటారు. ఆ కన్సోల్ ఎవరు తెరుస్తారో పేరు చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం. పేరు చెప్పగలిగితే, ముప్పై మెషీన్లుండి, పెన్‌డ్రైవ్‌లు ఎవరు పెట్టొచ్చో ఎవరు పెట్టకూడదో చూడ్డానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే, అప్పుడు కొనండి. పూణే క్విక్‌హీల్ వాళ్ళదో, చెన్నై కే7 వాళ్ళదో, మీ ఇష్టం. నా గొడవ ఆ కంపెనీలతో కాదు, చూసుకునేవాడు లేని చోట వాటిని దించిపోయే మనతో. "లినక్స్ పెట్టేస్తే పోలా?" అనేవాళ్ళూ ఉన్నారు. నాకూ లినక్స్ ఇష్టమే. కానీ టాలీకి, డాంగిల్‌కి, బిల్లు ప్రింటర్‌కి మధ్య ఆ అకౌంటెంట్ అమ్మాయి పడే అవస్థకి మీరు రోజూ ఫోనెత్తుతారా? ఎత్తరు. అంచేత వద్దు.

ఇంకొకరు మరీ తెలివిగా అంటారు: "వాళ్ళ డేటా పోతే పోయింది, అందులో ఏముంది గనక?" ఏముందా? ఆ ట్యాక్స్ ప్రాక్టీషనర్ ఎక్సెల్ షీట్‌లో ఉన్నవి ఆయన పాస్‌వర్డులు కావు. వరంగల్ కిరాణా కొట్టువాళ్ళవి, కాజీపేట కాంట్రాక్టర్లవి, పాన్ కార్డు కాపీ ఇచ్చి నమ్మకంగా ఇంటికెళ్ళిపోయిన రిటైరైన మాస్టార్లవి. ఆ ల్యాబ్‌లో ఉన్నవి ఎవరెవరికి ఏయే జబ్బులున్నాయో ఆ రిపోర్టులు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో, డేటాకి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చని రాశారు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా అమలవుతాయి. చిన్న ఆఫీసు మీద అంత వెయ్యకపోవచ్చు. కానీ ఆ మాస్టారి పేరు మీద ఎవడో దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఆయన తిరగాల్సిన ఆఫీసుల లెక్క ఏ చట్టంలోనూ లేదు.

మనల్ని నమ్మి అడుగుతున్నారు. పేరు చెప్పడానికి అరనిమిషం చాలు, కానీ ఆ జవాబుతో వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. ఒక పూట కూర్చోగలిగితే పైన రాసినవి చేసిరండి. కూర్చోలేకపోతే, "నాకు టైం లేదన్నా, కానీ రెండు హార్డ్‌డిస్కులు కొను" అని చెప్పండి. అదైనా నిజాయితీ అయిన సలహా.